నాలుగు వాటాలు, ఒకే మీటరు

2015 ప్రాంతంలో మన దేశంలోని ఏదో ఒక ఇంజనీరింగ్ కళాశాల ప్రయోగశాలను ఊహించుకోండి. సాయంత్రం ఆరు దాటింది. చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి, తాను స్వయంగా రూపొందించిన ఆకుపచ్చని సర్క్యూట్ బోర్డును బల్ల మీద పెట్టుకుని కూర్చున్నది. మేడ మీది నీళ్ల ట్యాంకు నిండగానే మోటారును ఆపవలసిన చిన్న పరికరం అది. పటం గీసినది ఆమె. రాగి దారులు తీర్చినది ఆమె. తయారీదారు వద్ద నుంచి బోర్డు వచ్చేవరకు రోజులు లెక్కపెట్టినదీ, వచ్చిన తర్వాత ప్రతి భాగాన్నీ టంకంతో అతికినదీ ఆమే. మరునాడు ఉదయం పది గంటలకు పరీక్షకుల ముందు దానిని పని చేయించి చూపవలసి ఉన్నది. మీట నొక్కింది. సూచిక దీపం వెలగలేదు.

మొదట ఆమె తన చేతినే అనుమానించింది. టంకం ఎక్కడైనా సరిగా పట్టలేదేమోనని భూతద్దంతో చూసింది. తర్వాత చిప్పును అనుమానించి, దానిని ఊడదీసి కొత్తది పెట్టింది. చివరకు కాగితం మీది పటాన్ని వేలితో అనుసరిస్తూ, ఒక్కొక్క గీతకు సరిపోయే రాగి దారి బోర్డు మీద ఉన్నదో లేదో మీటరుతో పరీక్షించింది. అన్నీ ఉన్నాయి. పటంలో తప్పు లేదు, పటానికీ బోర్డుకూ తేడా లేదు. తొమ్మిది గంటలు కావస్తుండగా, మరేమీ తోచక, పటంలో ఎక్కడా కనిపించని ఒక కాలి మీద మీటరు మొన ఆనించింది. పద్నాలుగు కాళ్ళ చిప్పులో అది 14వ కాలు. ఐదు వోల్టులు ఉండవలసిన చోట ఏమీ లేదు. ఆ కాలికి రాగి దారి అసలు పడనే లేదు.

పటంలో లేని తప్పు బోర్డులోకి ఎలా వచ్చింది? ఆ అమ్మాయి కల్పిత పాత్రే కావచ్చు గాని ఆ తప్పు కల్పితం కాదు. ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్న ఎందరో దానిని ఒక్కసారైనా చవిచూశారు. దాని మూలం చిప్పులోనూ లేదు, చేతిలోనూ లేదు. ఒక వస్తువును కాగితం మీద ముక్కలుగా విడదీసి చూపే పద్ధతిలో ఉన్నది.

ఎలక్ట్రానిక్ పరికరాలను రూపొందించేవారు ప్రతి భాగానికీ రెండు బొమ్మలు గీస్తారు. మొదటిది సంకేతం. ఆ భాగం ఏమి చేస్తుందో అది చెబుతుంది. రెండవదానిని ఫుట్‌ప్రింట్ అంటారు, పాదముద్ర అనుకోవచ్చు. ఆ భాగం బోర్డు మీద ఎంత మేర ఆక్రమిస్తుందో, దాని కాళ్ళు ఎక్కడెక్కడ ఊనుతాయో అది చెబుతుంది. సంకేతానికి కొలతలు ఉండవు. పాదముద్రకు అర్థం ఉండదు. ఒక మనిషి జాతకచక్రమూ, అదే మనిషికి దర్జీ రాసుకున్న కొలతలూ పక్కపక్కన పెడితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. రెండూ ఆ మనిషివే. ఏదీ మనిషిలా ఉండదు.

ఈ రెండు బొమ్మలనూ కలిపే బంధం కాళ్ళ మీది అంకెలు. సంకేతంలో 3 అని రాసిన కాలు, పాదముద్రలో 3 అని రాసిన రాగి మచ్చ మీదికి వస్తుంది. బోర్డును తీర్చే కంప్యూటరు ప్రోగ్రాముకు అంతకు మించిన వివేకం లేదు. మనిషి అంకె తప్పు వేస్తే, ఆ తప్పును ఎంతో విధేయతతో, వెంట్రుకవాసి తేడా లేకుండా రాగిలో దించి ఇస్తుంది.

వియన్నాలో పుట్టిన పాల్ ఐస్లర్ అనే ఇంజనీరు 1936లో లండన్‌లో, తీగలకు బదులు పలక మీద అతికిన రాగి రేకునే దారులుగా మలచి ఒక రేడియో సెట్టు తయారు చేశాడు. అంతకు ముందు రేడియో మెకానిక్ పటం చూసి చేతితో తీగలు కలిపేవాడు. పటంలో ఏదైనా లోపిస్తే అనుభవం ఆ లోపాన్ని పూడ్చేది. అచ్చు సర్క్యూటు వచ్చిన తర్వాత ఆ మెకానిక్‌కు అడ్డుపడే అవకాశం పోయింది. పటంలో లేనిది బోర్డులో ఉండదు.

ఒకే భాగాన్ని పటంలో రెండు మూడు చోట్ల ముక్కలుగా చూపడం మాత్రం చిప్పుల కంటే పాత అలవాటు. రేడియోలు వాల్వులతో నడిచిన రోజుల్లోనే అది మొదలైంది. ఇప్పటికీ గిటారు యాంప్లిఫయర్లలో కనిపించే ఈ.సి.సి.83 అనే వాల్వునే తీసుకోండి. అమెరికావారు దీనిని 12ఏ.ఎక్స్.7 అంటారు. ఒకే గాజు బుడ్డిలో రెండు ట్రయోడులు ఉంటాయి. మొదటిదానికి 6, 7, 8 కాళ్ళు, రెండవదానికి 1, 2, 3 కాళ్ళు. ఒక ట్రయోడు పటంలో ఎడమ వైపున మైక్రోఫోను నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచుతుంటే, రెండవది ఎక్కడో కుడి చివర మరో పని చేస్తుంటుంది. రెంటినీ ఒకే బుడ్డిగా గీస్తే పటం నిండా గీతలు ఒకదానినొకటి దాటుకుంటూ సాలెగూడులా తయారవుతుంది. అందువల్ల బుడ్డిని సగానికి చీల్చి, మొదటి సగానికి వి1ఏ అనీ, రెండవ సగానికి వి1బి అనీ పేర్లు పెట్టి, ఎక్కడ అవసరమో అక్కడ గీశారు. చదివేవాడికి సంకేతం ప్రయాణించే దారి ఎడమ నుంచి కుడికి వాక్యంలా సాగిపోతుంది.

అయితే ఆ బుడ్డికి ఇంకో మూడు కాళ్ళు ఉన్నాయి: 4, 5, 9. అవి లోపలి హీటరు తీగవి. రెండు ట్రయోడులనూ వేడి చేసేది అదే. అది వి1ఏ సొత్తా, వి1బి సొత్తా? ఇద్దరిదీ, ఏ ఒక్కరిదీ కాదు. చిత్రకారులు దానిని తరచుగా పటంలో ఒక మూలకు నెట్టి, అక్కడ హీటర్లన్నిటినీ వరుసగా గీసేవారు. ఆ మూల వంక చూడని మెకానిక్‌కు సెట్టు ఎందుకు మోగడం లేదో అర్థమయ్యేది కాదు. కళాశాల ప్రయోగశాలలో ఆ అమ్మాయికి ఎదురైన సమస్యకు ఇది తాతగారని చెప్పవచ్చు.

1958 సెప్టెంబరు 12న డల్లాస్‌లోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జాక్ కిల్బీ, ఒకే జెర్మేనియం ముక్కలో మొత్తం సర్క్యూటును ఇమిడ్చి చూపాడు. మరుసటి సంవత్సరం ఫెయిర్‌చైల్డ్ సంస్థలో రాబర్ట్ నాయిస్ సిలికాన్ మీద, భారీగా తయారు చేయడానికి వీలైన పద్ధతి కనిపెట్టాడు. కిల్బీకి 2000 సంవత్సరంలో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. నాయిస్ అప్పటికి జీవించి లేడు. ఇక చిప్పుకు ఒడ్డూ పొడవూ ఇచ్చి, రెండు వరుసల కాళ్ళతో జెర్రిలా నిలబెట్టిన తొడుగును ఫెయిర్‌చైల్డ్ ఇంజనీర్లు 1964లో రూపొందించారు. వరుసలో కాలికీ కాలికీ మధ్య దూరం 2.54 మిల్లీమీటర్లు, రెండు వరుసల నడుమ 7.62 మిల్లీమీటర్లు. అంగుళంలో పదవ వంతు, అంగుళంలో మూడు పదుల వంతులు అన్న మాట.

టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1966లో చౌక ప్లాస్టిక్ తొడుగుతో విడుదల చేసిన 7400 వరుస చిప్పులు ప్రపంచంలోని ప్రతి ఎలక్ట్రానిక్స్ విద్యార్థికీ పరిచయమే. వాటిలో మొదటిది, 7400, నీళ్ల ట్యాంకు బోర్డు మీద ఉన్నది కూడా అదే. దానిలో నాలుగు నాండ్ గేట్లు ఉంటాయి. ఒక్కొక్క గేటుకు రెండు ప్రవేశాలు, ఒక నిర్గమం. రెండు ప్రవేశాల్లోనూ ఒత్తిడి ఉన్నప్పుడు మాత్రమే నిర్గమంలో ఒత్తిడి ఉండదు. మూడు కాళ్ళ చొప్పున నాలుగు గేట్లకు పన్నెండు కాళ్ళు. మిగిలిన రెండు, 7వదీ 14వదీ, చిప్పు మొత్తానికి విద్యుత్తు తెచ్చిపెట్టేవి.

మన పట్టణాల్లో నాలుగు వాటాల పాత ఇళ్ళు ఉండేవి. ఒక్కొక్క వాటాలో ఒక్కొక్క సంసారం, ఎవరి గుమ్మం వారిది, ఎవరి వంట వారిది. కరెంటు మీటరు మాత్రం వసారాలో ఒక్కటే. నాలుగు సంసారాల చిరునామాలు రాసుకున్న పోస్టుమాన్‌కు మీటరుతో పని లేదు. కానీ దాని ఫ్యూజు పోయిన రాత్రి నాలుగు వాటాలూ చీకటే. 7400 కూడా అటువంటి ఇల్లే.

దీనికి సంకేతం తయారు చేయడమంటే ఏమి చేయాలి? తెలియనివారికి ఇది బొమ్మ గీసే పనిలా కనిపిస్తుంది. నిజానికి ఇందులో బొమ్మ భాగం చాలా తక్కువ. ఆంగ్ల అక్షరం డి ఆకారం, దాని కొనన చిన్న సున్న. నాండ్ గేటు అంతే. ఆ ఆకారాన్ని ఒకసారి గీసి, నాలుగు వాటాలకూ అదే వర్తిస్తుందని ప్రోగ్రాముకు చెప్పవచ్చు. అసలు పని అంకెలది. మొదటి గేటు ప్రవేశాలు 1, 2, నిర్గమం 3. రెండవది 4, 5, నిర్గమం 6. ఇంతవరకు వరుస చక్కగా సాగుతుంది. చిప్పు రెండవ వైపుకు తిరగగానే వరుస తలకిందులవుతుంది: మూడవ గేటులో 8 నిర్గమం, 9, 10 ప్రవేశాలు, నాల్గవ గేటులో 11 నిర్గమం, 12, 13 ప్రవేశాలు. ఎడమ వైపు అలవాటుతో కుడి వైపు కూడా ‘ప్రవేశం, ప్రవేశం, నిర్గమం’ అని రాసుకుంటూ పోయినవాడు బోర్డు తగలేసినట్లే.

ఇంతకంటే మాయదారి సంగతి ఒకటున్నది. 4011 అనే మరో చిప్పు ఉంది. దానిలోనూ నాలుగు నాండ్ గేట్లే. పద్నాలుగు కాళ్ళే. విద్యుత్తు కూడా అవే 7, 14 కాళ్ళ మీదుగా వస్తుంది. పాదముద్ర అచ్చంగా అదే. అయినా లోపలి వాటాల పంపకం వేరు. 7400లో 4వ కాలు ప్రవేశమైతే 4011లో అది నిర్గమం. 7400లో 10 ప్రవేశం, 4011లో అది కూడా నిర్గమమే. ‘పని ఒకటే కదా’ అని ఒకదాని సంకేతాన్ని రెండవదానికి వాడినవారికి బొమ్మ చూస్తే తప్పు ఎన్నటికీ దొరకదు. తయారీదారు విడుదల చేసే వివరపత్రాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క అంకెనూ గట్టిగా చదివి టిక్కు పెట్టుకోవడం కంటే నమ్మదగిన ఉపాయం ఈ రంగంలో ఇంతవరకు పుట్టలేదు. ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే మరొకరు చూడడం ఇంకా మేలు.

ఈ గేటుకు రెండవ రూపం కూడా ఒకటి ఉన్నది. నాండ్ గేటునే, ప్రవేశాల దగ్గర సున్నలు పెట్టిన ఆర్ గేటుగా గీయవచ్చు, తర్కం మారదు. పటం చదివేవాడికి ‘రెండింటిలో ఏది లేకపోయినా గంట మోగాలి’ అని చెప్పదలచినప్పుడు ఆ రూపమే సుబోధకం. సంకేతాలు గీసే ప్రోగ్రాములు దీనిని డి మోర్గన్ రూపం అంటాయి. ఆ నియమానికి పేరు తెచ్చిన గణితవేత్త అగస్టస్ డి మోర్గన్ 1806లో మన మదురైలో పుట్టాడు. నెలల పసికందుగానే ఇంగ్లండు వెళ్ళిపోయాడనుకోండి. ఆయన పేరు మాత్రం భారతీయ విద్యార్థుల నోట ఈనాటికీ పలుకుతూనే ఉన్నది.

నాలుగు వాటాలకూ అంకెలు పడ్డాయి. ఇక వసారాలోని మీటరు సంగతి: 7వ కాలు, 14వ కాలు. వీటిని ఏ గేటు బొమ్మకు తగిలించాలి? మొదటి గేటుకు తగిలిస్తే, ఎవరైనా రెండవ, మూడవ గేట్లను మాత్రమే వాడిన రోజున విద్యుత్తు పటంలోకి రాకుండా పోతుంది. నాలుగింటికీ తగిలిస్తే పటం నిండా అవే గీతలు. చాలాకాలం పాటు ప్రోగ్రాములు రాసినవారు మూడవ దారి తొక్కారు. ఆ కాళ్ళు సంకేతంలో ఉంటాయి గాని కంటికి కనిపించవు. పటంలో అదే పేరున్న విద్యుత్ తీగ ఎక్కడ ఉంటే అక్కడ అవి తమంతట తామే కలుసుకుంటాయి. 14వ కాలి పేరు వి.సి.సి. పటంలో వి.సి.సి. అనే తీగ ఉంటే చాలు, ఎవరూ గీత గీయనక్కర లేదు. పటం కడిగిన ముత్యంలా ఉండేది.

కానీ ఆ అమ్మాయి తన విద్యుత్ తీగకు వి.సి.సి. అని పేరు పెట్టలేదు. తనకు కావలసినది ఐదు వోల్టులు కనుక, సహజంగానే, ‘ప్లస్ ఐదు వోల్టులు’ అని పెట్టింది. కంటికి కనిపించని 14వ కాలు కనిపించని చోట వి.సి.సి. కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది. 7వ కాలు మాత్రం సరిగా కలిసింది. భూమి తీగను ఇద్దరూ ఒకే పేరుతో పిలిచారు కాబట్టి. ప్రోగ్రాములో దోషాలను వెదికే ఏర్పాటు ఉంటుంది. అది ఫలానా విద్యుత్ కాలికి ఆధారం లేదని ఒక హెచ్చరిక చేసే ఉంటుంది. అయితే అటువంటి తనిఖీలు నిరపాయమైన విషయాలకు కూడా హెచ్చరికలు గుప్పించడం వల్ల, కొత్తవారు వాటన్నిటినీ ఒకే గాటన కట్టి మూసివేయడం మామూలే.

ఫ్రాన్సులోని గ్రెనోబుల్‌లో అధ్యాపకుడైన జాన్‌పియేర్ షారాస్ 1992లో ప్రారంభించిన కికాడ్ అనే ఉచిత ప్రోగ్రాములోని పాత సంకేత సంపుటాలు ఈ అదృశ్య పద్ధతినే పాటించేవి. జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనశాల 2013 నుంచి దాని అభివృద్ధికి తోడ్పడింది. 2018లో వెలువడిన ఐదవ రూపంలో సంకేత సంపుటాలను తిరగరాసినప్పుడు 7400 వంటి చిప్పులకు ఐదవ వాటాను చేర్చారు. ఆ వాటాలో గేటు ఏదీ లేదు. ఒక చిన్న దీర్ఘచతురస్రం, పైన 14, కింద 7. దానిని పటంలో ఏదో ఒక మూల పెట్టి, అందరికీ కనిపించేటట్లు తీగలు కలపవలసిందే. వాల్వుల రోజుల నాటి హీటరు మూల మళ్ళీ వచ్చిందన్న మాట. కొందరు నిపుణులకు ఇది నచ్చలేదు; పటం చిందరవందరగా కనిపిస్తుందని వారి ఫిర్యాదు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయినా పటం అందంగా ఉండి బోర్డు మూగబోవడం కంటే, పటం మూలన ఒక పెట్టె ఎక్కువగా ఉండడం తేలికగా భరించదగిన కష్టం. పాత సంపుటాలను ఎక్కడెక్కడి నుంచో తెచ్చుకుని వాడేవారికి అదృశ్యపు కాళ్ళ బెడద ఈనాటికీ తప్పలేదు.

పాదముద్ర విషయానికి వస్తే ఇక్కడ తర్కం లేదు, కొలబద్ద మాత్రమే. పద్నాలుగు కాళ్ళ తొడుగుకు పద్నాలుగు రాగి మచ్చలు. ఒక్కొక్కటి సుమారు 1.6 మిల్లీమీటర్ల వెడల్పు, మధ్యన 0.8 మిల్లీమీటర్ల రంధ్రం. మొదటి మచ్చను గుండ్రంగా కాక చతురస్రంగా చేయడం ఆనవాయితీ, చిప్పును తిరగేసి పెట్టకుండా. నాలుగు గేట్లు ఉన్నా పాదముద్ర ఒక్కటే అన్నది గుర్తుంచుకోవాలి. విడదీయడం కాగితం మీదనే సాధ్యం.

లెక్కింపు దిశను కూడా తెలుసుకోవలసి ఉన్నది. చిప్పును పై నుంచి చూస్తే, గుర్తు ఉన్న కొన నుంచి అంకెలు ఎడమ వైపు కిందికి దిగి, కుడి వైపు పైకి ఎక్కుతాయి, అంటే అప్రదక్షిణంగా. వాల్వుల పుస్తకాల్లో కాళ్ళను ప్రదక్షిణంగా లెక్కించేవారు. ఆ బొమ్మలు అడుగు నుంచి చూసి గీసినవి, మెకానిక్ టంకం వేసేది పెట్టె అడుగునే కాబట్టి. కొన్ని ట్రాన్సిస్టర్ల వివరపత్రాల్లో ఇప్పటికీ అడుగు చూపే ఇస్తారు. చిన్న అక్షరాలలో రాసిన ఆ ఒక్క మాటను గమనించకపోతే పాదముద్ర అద్దంలో ప్రతిబింబంలా తయారవుతుంది. పాత తరహా పొడుగు కాళ్ళ చిప్పు అయితే దానిని బోర్డుకు అడుగు వైపు నుంచి గుచ్చి గట్టెక్కవచ్చు. బోర్డు ఉపరితలం మీదనే అతికే చిన్న చిప్పులకు ఆ దారి కూడా లేదు. వాటిలో కాలికీ కాలికీ దూరం 1.27 మిల్లీమీటర్లు; పైగా అదే కాళ్ళ దూరంతో సన్ననిదీ, వెడల్పైనదీ రెండు తొడుగులు ఉంటాయి, ఒకటి 3.9, రెండవది 7.5 మిల్లీమీటర్లు. ఒకదాని బదులు రెండవదాని పాదముద్ర వేస్తే చిప్పు రెండు గట్ల మధ్య కాలువలో పడినట్లు ఉంటుంది.

ట్రాన్సిస్టర్లు మూడు కాళ్ళవే కదా అనుకోవడానికి వీలులేదు. రేడియో విడిభాగాల దుకాణంలో అడిగితే ఇచ్చే బి.సి.547ను చదునైన ముఖం మన వైపు ఉండేటట్లు పట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. అదే ఆకారంలోని 2ఎన్3904ను అలాగే పట్టుకుంటే ఎమిటర్, బేస్, కలెక్టర్.

వీటన్నిటికీ పాతవారు పాటించే పరీక్ష ఒకటి ఉన్నది. బోర్డును తయారీకి పంపేముందు పాదముద్రలను అసలు పరిమాణంలో కాగితం మీద ముద్రించి, ఆ కాగితాన్ని థర్మాకోలు ముక్క మీద పరచి, నిజమైన భాగాలను దానిలోకి గుచ్చి చూస్తారు. కాళ్ళు మచ్చల మధ్యలో దిగితే సరి. రెండు రూపాయల కాగితంతో, పది నిమిషాల్లో, వారాల నిరీక్షణ వృథా కాకుండా చూసే ఈ పరీక్షను కంప్యూటరు యుగం ఇంకా కొట్టివేయలేకపోయింది.

ఒకే చిప్పులోని గేట్లు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావడంలో ఒక సౌకర్యం ఉన్నది. బోర్డు మీద రాగి దారులు వేసేటప్పుడు, మొదటి గేటుకు వెళ్ళవలసిన దారి మరో దారిని దాటవలసి వస్తే, దాని పని నాల్గవ గేటుకు అప్పగించి చిక్కు విడదీయవచ్చు. అద్దెదారులు వాటాలు మార్చుకున్నట్లే. 1970లలో ఈ పని పారదర్శకమైన మైలార్ షీటు మీద, అసలు కంటే రెండింతలో నాలుగింతలో పెద్దదిగా, సన్నని టేపు అతికిస్తూ చేసేవారు. పాదముద్రలు సైతం అతికించే స్టిక్కర్లుగా దొరికేవి. తర్వాత ఫొటో తీసి అసలు పరిమాణానికి కుదించేవారు. షీటు మీద గేటు మార్చిన మనిషి పటంలోనూ పెన్సిలుతో అంకెలు దిద్దాలి. మరచిపోతే పటం ఒకటి, బోర్డు ఒకటి. నేటి ప్రోగ్రాములు ఆ దిద్దుబాటును తామే వెనక్కు మోసుకుపోతాయి. కానీ ఏ వాటాలు మార్చుకోదగినవో వాటికి మనిషే చెప్పాలి, సంకేతం తయారు చేసే సమయంలోనే. నాండ్ గేటు ప్రవేశాలు రెండూ ఒకటే. అటు ఇటు మార్చవచ్చు. ఎల్.ఎం.324 అనే చిప్పులో నాలుగు యాంప్లిఫయర్లు ఉంటాయి. వాటిని ఒకదాని బదులు మరొకటి వాడవచ్చు గాని, ఒక్కొక్కదానికి ఉన్న ప్లస్, మైనస్ ప్రవేశాలను మార్చితే పరికరమే తలకిందులవుతుంది. అన్నట్లు ఎల్.ఎం.324కు కూడా పద్నాలుగు కాళ్ళే. విద్యుత్తు మాత్రం మూలల్లో కాక నట్టనడుమ, 4వ, 11వ కాళ్ళకు వస్తుంది. 7400 అలవాటుతో 14వ కాలికి ఐదు వోల్టులు తగిలిస్తే, ఒక యాంప్లిఫయర్ నిర్గమాన్ని తీసుకువెళ్ళి విద్యుత్ తీగకు కట్టినట్లవుతుంది.

ఖాళీగా ఉన్న వాటాల సంగతి కూడా తరచుగా విస్మరిస్తారు. మూడు గేట్లు వాడి నాల్గవదానిని వదిలేస్తే, అది పటంలో ఎక్కడా కనిపించదు. చిప్పులో మాత్రం ఉంటుంది. 7400లో గాలికి వదిలిన ప్రవేశం సాధారణంగా ఒత్తిడి ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. 4011 వంటి సీమాస్ చిప్పులో అలా కాదు. ఆ ప్రవేశం అటూ ఇటూ ఊగిసలాడి, వాడని గేటు వృథాగా విద్యుత్తు తాగుతుంది. ఆ ప్రవేశాలను విద్యుత్ తీగకో, భూమికో కట్టివేయాలి. అందుకే అనుభవజ్ఞులు వాడని వాటాలను కూడా పటం అడుగున వరుసగా గీసి, కట్టిన గీతతో సహా చూపుతారు.

నాలుగు గేట్ల చిప్పు ఈ విద్యలో ఓనమాలు మాత్రమే. రిలేను గీసేటప్పుడు తీగచుట్టను ఒక చోట, అది మూసే తెరిచే స్పర్శలను వేరే చోట గీస్తారు; ఈ వాటాలు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. నేడు కొన్ని చిప్పులకు వెయ్యికి మించి కాళ్ళు ఉంటున్నాయి. వాటిని ఒకే దీర్ఘచతురస్రంగా గీస్తే కాగితం చాలదు. చాలినా ఎవరూ చదవలేరు. ఎక్కడ విడదీయాలన్నది అంకెల వరుస తేల్చదు. జ్ఞాపకశక్తి చిప్పులతో మాట్లాడే కాళ్ళు ఒక వాటా, ఒక వోల్టేజీతో నడిచే కాళ్ళు మరొక వాటా, విద్యుత్తూ భూమీ విడిగా. ఈ విభజన గ్రంథకర్త అధ్యాయాలు ఏర్పరచుకున్నట్లు మనిషి ఆలోచించి చేయవలసినదే. ఇంత పెద్ద చిప్పుల సంకేతాలు తయారు చేసేవారు అంకెలను చేతితో రాయరు. తయారీదారు ఇచ్చిన పట్టిక నుంచి కంప్యూటరు చేతనే దింపిస్తారు. వాటాల పేర్లు మాత్రం తామే పెడతారు.

మన దేశంలో ఈ పనిముట్లు ఒకప్పుడు పెద్ద సంస్థల గోడలు దాటి వచ్చేవి కావు. లైసెన్సు వెలలు అలా ఉండేవి. ముంబయి ఐ.ఐ.టి.లోని ఫాసీ అనే ప్రాజెక్టు, కికాడ్‌నూ మరికొన్ని ఉచిత ప్రోగ్రాములనూ కలిపి ఈసిమ్ అనే సాధనాన్ని రూపొందించి కళాశాలలకు అందుబాటులోకి తెచ్చింది. జిల్లా కేంద్రంలోని విద్యార్థి కూడా ఇప్పుడు సొంత బోర్డు గీసి తయారీకి పంపగలడు. దానితో పాటు 14వ కాలు కూడా అతని బాధ్యతే అయింది.

ఆ రాత్రి ప్రయోగశాలలో వాచ్‌మాన్ తాళాలు ఆడిస్తూ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆ అమ్మాయి పాత తీగల కట్టలోంచి వెంట్రుక వంటి ఎర్ర తీగ ఒకటి తీసి, రెండు కొనలూ గీకి, బోర్డు అడుగున 14వ కాలి నుంచి ఐదు వోల్టుల దారికి టంకంతో కలిపింది. మీట నొక్కింది. దీపం వెలిగింది. సామాను సర్దుకునేముందు ఆమె కంప్యూటరులో ఆ చిప్పు సంకేతాన్ని తెరిచి, నాలుగు గేట్ల పక్కన ఐదవ వాటా చేర్చి, పైన 14 అనీ కింద 7 అనీ రాసి, రెండు కాళ్ళనూ కనిపించేటట్లు చేసి భద్రపరచింది.